పదకొండో తారీఖు ముద్ర

వహీదా బల్ల మీద పెట్టిన రసీదును డిటెక్టివ్ రాజనర్సయ్య వెంటనే ముట్టుకోలేదు.

లేత పసుపు కాగితం. పైన నీలి అక్షరాల్లో 'నవవసతి గృహ ఫైనాన్స్, పంజాగుట్ట' అని అచ్చు. కింద ఊదా రంగు సిరాతో తారీఖు ముద్ర. ఇలాంటి కాగితాలు అతని ఇంట్లో, బీరువా అడుగు అరలో, పాత పోలీసు బెల్టు కింద ఒక కట్ట ఉన్నాయి. ఆ మాట ఎదుటి కుర్చీలో ఉన్న మనిషికి తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోగానే అతని చెవులు వేడెక్కాయి.

"గీ ఒక్క కాగితం కాపీ చూసే మా ఇంటాయన్ని పట్టుకపోయిన్రు భాయ్. రాత్రి ఠానల కలిస్తే ఇది నా చేతికిచ్చిండు," అంది వహీదా. ముప్ఫై ఏళ్ళుంటాయి. బురఖా ముసుగు వెనక్కి వేసుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎండిపోయినట్టున్నాయి. "ఖూన్ చేసిండంట! ఇంట్ల బొద్దింకను చంపాలన్నా నన్నే పిలుస్తడు ఆయన."

1987 మార్చి పదకొండు, బుధవారం. ఉదయం తొమ్మిదిన్నర. అమీర్‌పేటలో టైలర్ షాపు పైనున్న ఒంటిగది ఆఫీసులో రాజనర్సయ్యకు మూడు వారాల తర్వాత దొరికిన మొదటి కేసు ఇది.

సంగతి చిన్నదే. ముందురోజు మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు నవవసతి ఆఫీసు రికార్డు గదిలో క్యాషియర్ రాఘవయ్య చచ్చిపడి ఉన్నాడు. భోజనం చేసి వచ్చిన అటెండరు చూసి కేక పెట్టాడు. కాగితాలకు చిల్లులు పొడిచే బరువైన ఇనుప పంచింగ్ మెషిన్‌తో ఎవరో తల వెనక కొట్టారు. ప్రాణం పోయింది రెండింటికీ రెండున్నరకీ మధ్య అని డాక్టరు చెప్పాడు. సాయంత్రం ఆరున్నరకు వహీదా భర్త జహూర్ సనత్‌నగర్‌లో వర్క్‌షాపు గేటు దాటుతుంటే పోలీసులు జీపు ఎక్కించారు. అతను అక్కడ లేతు మిషన్ మీద పనిచేసే టర్నరు.

"కౌంటర్ దగ్గర లొల్లి పెట్టిండా మీ ఆయన?"

"పెట్టిండు. పెట్టకపోతే ఏం చేస్తడు? మూడు నెలల సంది ఇదే తమాషా. పదో తారీఖు లోపల కిస్తు కట్టాలె. పదో తారీఖు నాడే కడ్తడు. రసీదు మీద మాత్రం పదకొండు పడ్తది. లేట్ అని జుర్మానా వేస్తరు."

"ఎంత వేస్తరు?"

అడిగాక తన గొంతు తనకే దొంగగొంతులా వినిపించింది.

"కిస్తు నాలుగు వందల ఎనభై. దాని మీద జుర్మానా ఇరవై నాలుగు. నోటీసు ఖర్చు పదిహేను. వసూలు ఖర్చు ఇరవై. వరుసగ మూడుసార్లు లేటయితే ఇల్లు వేలం."

రాజనర్సయ్య తల వంచుకుని రాసుకుంటున్నట్టు నటించాడు. ఆ లెక్క అతనికి కంఠతా వచ్చు. తన వాయిదా ఆరు వందల ఇరవై కాబట్టి జరిమానా ముప్ఫై ఒకటి. మిగతా రెండు ఖర్చులూ ఒకటే. ఎస్సై ఉద్యోగం వదిలేసి ఈ ఏజెన్సీ పెట్టినప్పుడు ఇల్లు తాకట్టు పెట్టి నలభై వేలు తీసుకున్నాడు. గత డిసెంబరు నుంచి కట్టలేదు. కట్టనందుకు వచ్చిన నోటీసు కూడా ఆ పాత బెల్టు కిందే ఉంది. భార్య చంద్రమ్మకు చూపించలేదు.

"పదో తారీఖు కడితే పదకొండు వేస్తున్నరని ఎవరికన్న చెప్పినవా చెల్లె? మీ గల్లీల ఇంకెవరన్న కడ్తుండొచ్చు కదా ఆ ఆఫీసుల?"

వహీదా బురఖా అంచు వేలికి చుట్టుకుంది. "ఎట్ల చెప్తం? ఇల్లు గిర్వీల ఉందని తెలిస్తే గల్లీల ఇజ్జత్ ఉంటదా? మా సొంత అక్క షరీఫున్నీసాకు సుత చెప్పలే."

అతను రాసుకుంటున్న పేజీ తిప్పాడు.

"నిన్న టైములు చెప్పు."

"పన్నెండుంబావుకు వర్క్‌షాపుల భోజనం గంట కొట్టిన్రు. సైకిల్ మీద పోయిండు. పావు తక్కువ ఒకటికి వరుసల నిలబడ్డడు. ఒంటిగంట దాటినంక పైసలు కట్టిండు. మళ్ళ పదకొండు ముద్ర చూసి అరిచిండు. అరిచి, సైకిలెక్కి వాపస్ పోయిండు. ఒకటీ యాభైకి హాజరీ కార్డు పంచ్ అయింది. ఫోర్‌మన్ సుత చూసిండంటుండు."

"మరి పోలీసులేమంటరు?"

"రెండు దాటినంక కట్టినోళ్ళకే పదకొండు ముద్ర పడ్తదంట. గది కంపెనీ రూలంట. ముద్ర పడ్డదంటే జహూర్ రెండు దాటినంక ఆడ ఉన్నట్టేనంట. కార్డు ఎవరో దోస్తు పంచ్ చేసిండంట."

రాజనర్సయ్య అప్పుడు రసీదు చేతిలోకి తీసుకున్నాడు. నంబరు 325. రాఘవయ్య చేతిరాత. గుండ్రటి అక్షరాలు, ఒక్కటీ కొట్టివేత లేదు. ముద్రలో పదకొండు స్పష్టంగా ఉంది.

జహూర్ మెడకు ఉరి బిగించడానికి వాళ్ళ దగ్గరున్నది ఇదొక్కటే.

"నడువు పోదాం," అన్నాడు లేస్తూ.

ఆ ఫైనాన్స్ ఆఫీసు మెట్లు మళ్ళీ ఎక్కాలి. అదొక్కటే అతనికి కష్టంగా ఉంది.

* * *

పదీ నలభైకి నవవసతి ఆఫీసులో ఎస్సై అహ్మద్ తాళాలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఒకప్పుడు రాజనర్సయ్య దగ్గర కానిస్టేబుల్‌గా పనిచేసి పరీక్షలు రాసి పైకి వచ్చినవాడు. ఆ గౌరవంతోనే గది చూడనిస్తున్నాడు.

"జల్దీ చూసుకోండి సాబ్. మధ్యాహ్నం జహూర్‌ని కోర్టుకు తీస్కపోవాలె."

మేనేజరు హనుమత్ప్రసాద్ కౌంటరు వెనక చెమటలు తుడుచుకుంటున్నాడు. సన్నటి మనిషి, చొక్కా జేబులో రెండు పెన్నులు. అతని పక్కన కుర్చీ వెనక్కి వాల్చి కూర్చున్న మనిషిని చూసి రాజనర్సయ్య అడుగు ఆగింది.

రామకృష్ణ. తేనెరంగు సఫారీ సూటు, వేళ్ళ మధ్య బుల్లెట్ మోటార్‌సైకిల్ తాళం చెవి. పదేళ్ళ క్రితం ఇద్దరూ ఒకే స్టేషన్లో ఎస్సైలు. డ్యూటీ దిగి నేరుగా రాజనర్సయ్య ఇంటికే భోజనానికి వచ్చేవాడు. చంద్రమ్మ వడ్డించేది. తర్వాత అతనూ ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాడు. రాజనర్సయ్యకు రావలసిన కేసులు ఒక్కొక్కటే అటు మళ్ళాయి.

"రండి గురువుగారూ," అన్నాడు రామకృష్ణ లేవకుండానే. "ఆలస్యంగా వచ్చారు. కేసు అయిపోయింది. నిన్న మధ్యాహ్నమంతా లక్డీకాపూల్‌లో ఒక ఫైలు వెంట తిరుగుతున్నాను. ఫోనొస్తే ఐదింటికి ఇక్కడ అడుగు పెట్టాను. ఐదున్నరకల్లా హంతకుడి పేరు కాగితం మీద రాసి అహ్మద్ గారి చేతిలో పెట్టాను. అరగంట!"

"అరగంటల పేరు దొరుకుతది," అన్నాడు రాజనర్సయ్య. "నిజం దొరకడానికి జర టైం పడ్తది."

"ఏంటి, నిజమా?" రామకృష్ణ నవ్వాడు. రాజనర్సయ్య వెనక గోడవారగా నిలబడ్డ వహీదా వైపు తిరిగాడు. "అమ్మా, నీ మొగుణ్ణి విడిపిస్తానని ఈయన చెప్పాడా? ఎంత తీసుకున్నాడు నీ దగ్గర?"

వహీదా బెదిరి చూసింది.

"ముందు తన ఇల్లు విడిపించుకోమను." అతను బల్ల మీదున్న టైపు కాగితం అందుకుని, చదువురాని వాళ్ళకు వినిపిస్తున్నట్టు నిదానంగా చదివాడు. "ఖాతా నూట పద్దెనిమిది. రాజనర్సయ్య, అమీర్‌పేట. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, మూడు వాయిదాలు బాకీ. ఆఖరి గడువు మార్చి పది." కాగితం దించి రాజనర్సయ్య మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. "నిన్నే కదండీ గురువుగారూ? ఎవరన్నా వచ్చి కట్టారా? లేదుగా. మరి మీ గుమ్మానికి వేలం నోటీసు అంటించాల్సింది నేనే. ఈ కంపెనీ వసూళ్ళు కూడా నా ఏజెన్సీయే చూస్తుంది."

రామకృష్ణ కాగితాన్ని బల్ల మీదికి విసిరాడు.

ఇరవై ఏళ్ళలో రాజనర్సయ్య ఎందరినో ఇలా నలుగురి ముందు నిలబెట్టాడు. దొంగల్ని, మోసగాళ్ళని. వాళ్ళు నేల వైపే ఎందుకు చూస్తారో అతనికి ఇవాళ అర్థమైంది. అహ్మద్ మొహం తిప్పుకున్నాడు. జాలిపడి అలా తిప్పుకోవడం తిట్టిన దానికన్నా అన్యాయంగా ఉంది. వెనక్కి తిరిగి వహీదాను చూసే ధైర్యం అతనికి లేదు.

బయటి తలుపు దగ్గర్లోనే ఉంది. నాలుగడుగులు వేస్తే మెట్లు.

"భాయ్," అంది వెనకనుంచి వహీదా. గొంతు చిన్నది. "మీరు సుత గీ వరుసల నిలబడ్డరా?"

అతను వెనక్కి తిరక్కుండానే తల ఊపాడు.

"పొద్దుగల చెప్పకపోతిరి," అంది. అందులో నింద లేదు. తనకు బాగా తెలిసిన నొప్పిని ఇంకొకరిలో చూసినప్పటి గొంతు.

నిలబడ్డాను, అనుకున్నాడు రాజనర్సయ్య. అక్టోబరులో, నవంబరులో. తెలిసినవాళ్ళు కనిపిస్తారేమోనని రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని. ఎప్పుడు అయిపోతుందా అని ముందున్న మనిషి వీపు వెనక వాచీ చూసుకుంటూ. ఒక్కో మనిషికి ఎన్ని నిమిషాలు పడుతోందో లెక్కపెట్టుకుంటూ.

అతను చటుక్కున తలెత్తాడు.

"మేనేజర్ సాబ్, రసీదుల పుస్తకం ఏది? కంపెనీ దగ్గర ఉండే కార్బన్ కాపీలు?"

హనుమత్ప్రసాద్ తడబడ్డాడు. "అది... సేఫ్‌లో పెట్టానండి. జహూర్ రసీదు కాపీ ఒకటి చించి పోలీసులకు ఇచ్చాం. మిగతాది ఆఫీసు వ్యవహారం..."

"ఇది ఖూన్ కేసు," అన్నాడు అహ్మద్. "తీయండి."

రామకృష్ణ కుర్చీ ముందుకు వంచాడు. "రసీదులతో ఏం పనండీ? ముద్ర మీద పదకొండు ఉందా లేదా, అంతే."

"నువ్వు కూసో," అన్నాడు రాజనర్సయ్య. ఈసారి గొంతు తడబడలేదు.

* * *

పుస్తకం వచ్చేలోపు అతను రికార్డు గది చూశాడు. పది అడుగుల గది. ఒక్కటే తలుపు, అది కౌంటరు వెనక్కే తెరుచుకుంటుంది. కిటికీ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. శవం చుట్టూ సున్నంతో గీసిన గీత తలుపుకు రెండడుగుల లోపల ఉంది. రాఘవయ్య తల గోడ వైపు, కాళ్ళు తలుపు వైపు. అంటే లోపలికి నడుస్తూ ఉండగా వెనకనుంచి దెబ్బ పడింది. కౌంటరుకు అవతల నిలబడి గొడవపడే ఖాతాదారు ఇంతదూరం రాడు. వచ్చినా, అలాంటివాడికి వీపు చూపించి రాఘవయ్య నడవడు.

"తెలిసినోడు," అన్నాడు అహ్మద్‌తో మెల్లగా. "కౌంటర్ లోపటికి వచ్చే అలవాటున్నోడు."

తర్వాత కౌంటరు సొరుగు. పోలీసులు వేసిన సీలు అహ్మద్ తనే విప్పాడు. స్టాంపు ప్యాడు, గుండుసూదులు, తారీఖు ముద్ర. అంకెలున్న రబ్బరు పట్టీలను పక్కనున్న చిన్న చక్రంతో తిప్పే రకం. రాజనర్సయ్య చెయ్యి పెట్టకుండా వంగి చూశాడు. పదకొండు.

"ఎవరన్న ముట్టుకున్నరా?"

"లేదు సాబ్. నిన్న మూడుంబావుకు నేనే సీల్ చేసిన."

హనుమత్ప్రసాద్ పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. రాజనర్సయ్య పేజీలు తిప్పుతూ నంబర్లు చదివించాడు. మంగళవారం ఉదయం పదింటికి మొదలైన రసీదు 301. అక్కడినుంచి 322 దాకా పదో తారీఖు ముద్ర. 323 నుంచి పదకొండు.

"జహూర్‌ది 325," అన్నాడు. "పదకొండు ముద్ర పడ్డోళ్ళల్ల మూడో మనిషి. తర్వాత ఎన్ని ఉన్నయ్ అహ్మద్?"

అహ్మద్ లెక్కపెట్టాడు. "351 దాకా ఉన్నయ్ సాబ్... ఇంకొకటి సుత ఉంది. 352."

"అన్నీ రాఘవయ్య రాతేనా మేనేజర్ సాబ్?"

"ఆయనదేనండి. నేను ఒంటిగంటకు భోజనానికి ఇంటికెళ్ళాను. మూడు దాటాక వచ్చాను. టైపిస్టు సెలవు. ఆయనొక్కడే ఉన్నాడు."

"రెండింటికి ముద్ర తిప్పిండు అనుకుందాం. తిప్పినంక ముప్ఫై రసీదులు రాసిండు. రెండున్నరకు చచ్చిపోయిండు. అరగంటల ముప్ఫై రసీదులు."

"రాయచ్చుగా," అన్నాడు రామకృష్ణ. "నిమిషానికొకటి. చెయ్యి తిరిగిన మనిషి."

రాజనర్సయ్య ఖాళీ రసీదు ఒకటి తీసి మేనేజరు ముందుకు తోశాడు. "రాయండి సాబ్. మీ కంపెనీ పద్ధతిలనే. అహ్మద్, వాచీ చూడు."

హనుమత్ప్రసాద్ రాయడం మొదలుపెట్టాడు. కింద రెండు కార్బన్లు పెట్టాడు. పేరు, ఇంటి నంబరు, ఖాతా నంబరు. వాయిదా సొమ్ము అంకెల్లో, తర్వాత అక్షరాల్లో. కింద జరిమానా ఒక వరుస, నోటీసు ఖర్చు ఒక వరుస, వసూలు ఖర్చు ఒక వరుస. మొత్తం మళ్ళీ అంకెల్లో, అక్షరాల్లో. సంతకం. మూడు కాపీల మీదా ముద్ర. కట్టినవాళ్ళ సంతకానికి పుస్తకం తిప్పడం.

"మూడు నిమిషాల పది సెకండ్లు," అన్నాడు అహ్మద్.

"రాఘవయ్యకు సరిగ్గ మూడు నిమిషాలు పడ్తది. నాకు తెలుసు," అన్నాడు రాజనర్సయ్య.

"మీకెలా తెలుసో?" రామకృష్ణ వెటకారంగా అడిగాడు.

"అప్పు పడి, ఆలస్యంగ కట్టుకుంట, ఆ వరుసల నిలబడ్డ కాబట్టి తెలుసు." ఆ మాట పైకి అన్నాక అతనికి ఊపిరి కాస్త సులువుగా ఆడింది. "రెండు నెలలు నిలబడ్డ. సిగ్గుతోని వాచీ చూసుకుంట నిలబడ్డ. ముప్ఫై రసీదులకు గంటన్నర. రెండింటికి మొదలుపెడితే ఆఖరిది రాసేసరికి మూడున్నర కావాలె. మనిషి రెండున్నరకే పోయిండు. అంటే ముద్ర తిప్పింది రెండింటికి కాదు. ఒంటిగంటకో, ఇంకా ముందో."

అహ్మద్ పెదవులు కదిలాయి, లెక్కవేసుకుంటూ. "జహూర్ తర్వాత ఇరవై ఏడు రసీదులు. ఎనభై ఒక్క నిమిషాలు. రెండున్నర నుంచి వెనక్కి పోతే... ఒంటిగంట పది."

"ఒంటిగంట పదికి ఈడ పైసలు కట్టినోడు సైకిల్ తొక్కుకుంట ఒకటీ యాభైకి సనత్‌నగర్ల కార్డు పంచ్ చేసిండు. కార్డు నిజం. ఫోర్‌మన్ మాట నిజం. అబద్ధం ముద్ర ఒక్కటే."

వహీదా గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"జహూర్‌ని కోర్టుకు తీస్కపోను," అన్నాడు అహ్మద్. "పెద్దసాబ్‌తో మాట్లాడి ఇయ్యాలనే ఇంటికి పంపిస్త. పో అమ్మా, స్టేషన్ దగ్గర కూసో. నేను వస్త."

ఆమె వెళ్ళేముందు రాజనర్సయ్య దగ్గర ఆగింది. తల వంచి సలాం చేసి గబగబా మెట్లు దిగింది.

రాజనర్సయ్య మేనేజరు వైపు తిరిగాడు. "పదో తారీఖు నాడు మధ్యాహ్నానికే పదకొండు వేసుకుంట ఎన్ని నెలల సంది నడుస్తుంది ఈ దందా? ఒక్కరన్న అడిగిన్రా?"

హనుమత్ప్రసాద్ కుర్చీలో కూలబడ్డాడు. "ఒకళ్ళిద్దరు గొణిగారండి. గట్టిగా అడిగింది జహూర్ ఒక్కడే. మిగతావాళ్ళు... ఎవరూ చూడకముందే వెళ్ళిపోవాలన్నట్టు ఉంటారండి. రసీదు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోతారు."

నాలాగే, అనుకున్నాడు రాజనర్సయ్య. తన కట్టలోని రసీదుల మీద ఏ తారీఖు ఉందో అతను ఇప్పటిదాకా చూసుకోలేదు. చూసే ధైర్యం చాలలేదు. దొంగలకు ఇంతకన్నా ఏం కావాలి?

"సాబ్," అన్నాడు అహ్మద్ వింతగా. అతని వేలు పుస్తకం చివరి పేజీ మీద ఉంది. "ఈ ఆఖరిది, 352... దీని మీద పది ఉంది."

"ఏంది?"

"ముద్ర పదో తారీఖు. ఇరవై తొమ్మిది రసీదులకు పదకొండు వేసి, ఆఖరి దానికి ముద్ర వెనక్కి తిప్పి పది వేసిండు. ఖాతా నంబరు నూట..." అహ్మద్ గొంతు ఆగింది. "నూట పద్దెనిమిది. మూడు వాయిదాలు, జరిమానాలతోని. కట్టినోళ్ళ సంతకం... చంద్రమ్మ."

రాజనర్సయ్య పుస్తకాన్ని తన వైపు లాక్కున్నాడు.

కార్బన్ నీలంలో, కూడబలుక్కుని రాసిన మూడు అక్షరాలు. పెళ్ళయిన కొత్తలో తనే నేర్పించిన సంతకం. నోటీసు ఆమె చూసింది. ఎప్పుడు చూసిందో. ఎక్కడినుంచో డబ్బు తెచ్చింది. తను రుమాలు చాటున నిలబడ్డ ఆ వరుసలో ఏ చాటూ లేకుండా నిలబడింది. రాత్రి అన్నం పెడుతూ కూడా ఒక్క మాట అనలేదు. తను సిగ్గుపడతాడని.

ఆమె రసీదు మీదా పదకొండు పడి ఉంటే ఇల్లు పోయేది. రాఘవయ్య ముద్ర వెనక్కి తిప్పి పది వేశాడు. ఆ ఇల్లు నిలబెట్టిన మనిషి అయిదు నిమిషాల తర్వాత పక్క గదిలో...

అతని ఆలోచన అక్కడ ఆగింది. మళ్ళీ సొరుగు దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు.

"అహ్మద్. రాఘవయ్య ఆఖరిసారి ముద్ర వేసినప్పుడు దాని మీద ఉన్నది పది. ఇప్పుడు ఉన్నది పదకొండు. ఆఖరి రసీదు తర్వాత ఆయనకు ముద్ర తిప్పే పనే లేదు. సీల్ చేసింది మూడుంబావుకు. మధ్యల దీన్ని ముందుకు తిప్పింది ఎవరు?"

"ఖూన్ చేసినోడు," అన్నాడు అహ్మద్ నెమ్మదిగా.

"పదో తారీఖు కట్టినోళ్ళ మీద పదకొండు పడితే ఎవరికి లాభమో, వాడు." రాజనర్సయ్య మేనేజరు చొక్కా పట్టుకున్నంత దగ్గరికి వెళ్ళాడు. "జరిమానా కంపెనీకి పోతది. నోటీసు ఖర్చు కంపెనీకి పోతది. ఆ వసూలు ఖర్చు ఇరవై రూపాయలు ఎవరికి పోతయ్?"

హనుమత్ప్రసాద్ కళ్ళు అప్రయత్నంగా ఖాళీ కుర్చీ వైపు తిరిగాయి.

"రామకృష్ణ గారి ఏజెన్సీకండి. ఆలస్యమైన ప్రతి ఖాతాకీ ఇరవై. మూడు ఆలస్యాలై ఇల్లు వేలానికొస్తే అందులో నూటికి ఐదు. రాఘవయ్యతో ఆయనే మాట్లాడుకున్నాడండి. నేను... చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నిన్న పొద్దున రాఘవయ్య నా దగ్గరికొచ్చి, ఇక నావల్ల కాదు సార్, చెప్పేస్తాను అన్నాడు."

ఖాళీ కుర్చీ. రామకృష్ణ ఎప్పుడు లేచాడో, ఎప్పుడు వెళ్ళాడో ఎవరూ చూడలేదు. చంద్రమ్మ పేరు అహ్మద్ పైకి చదివినప్పుడు ఉన్నాడు. ఆ తర్వాత కింద బుల్లెట్ స్టార్టయిన చప్పుడు రాజనర్సయ్య విన్నాడు. ఓడిపోయి ముఖం చెల్లక పోతున్నాడనుకున్నాడు.

రాఘవయ్యను చంపడానికి వచ్చినవాణ్ణి చివరిగా చూసి ఉండేది చంద్రమ్మే. రామకృష్ణ బాకీ కాగితం పైకి చదివింది ఎగతాళికి కాదు. చదివి, 'ఎవరన్నా వచ్చి కట్టారా' అని అడిగి, తన మొహంలోకి అంతసేపు చూసింది అందుకే. పెళ్ళాం మొగుడికి చెప్పిందా లేదా? చెప్పలేదని తెలుసుకున్నాడు. ఇప్పుడు మొగుడు ఇంటికి పోయి అడుగుతాడని కూడా తెలుసుకున్నాడు.

"జీపు తీస్కొని మా ఇంటికి రా!" అని అరిచి రాజనర్సయ్య మెట్లకు పరిగెత్తాడు.

* * *

ఆటో గల్లీ మొగలో ఆగేసరికి పన్నెండూ పది. ఇంటి ముందు బుల్లెట్ నిలబడి ఉంది. ఇంజను ఇంకా వేడిగా ఉంది.

తలుపు తీసే ఉంది. ముందుగదిలో, రాజనర్సయ్య రోజూ కూర్చునే కుర్చీలో రామకృష్ణ కూర్చుని చాయ్ తాగుతున్నాడు. అతని మోకాలి మీద చంద్రమ్మ తెచ్చుకున్న రసీదు, ఆ లేత పసుపు కాగితం, మడిచి ఉంది. చంద్రమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. భర్తను చూడగానే కళ్ళు దించేసుకుంది.

"నీ దోస్తు చెప్పిండు, నీకు తెలిసిపోయిందని," అంది. "రుద్రమ్మ దగ్గర చిట్టీ ఎత్తిన. నష్టానికే ఎత్తిన. ఏం చెయ్యాలె, నోటీసు కండ్లబడ్డది. ఆడదాన్ని పోయి గా వరుసల నిలబడ్డనని కోపం రావట్టిందా? ఇజ్జత్ తీసిననుకుంటున్నవా?"

"లేదు," అన్నాడు రాజనర్సయ్య. కళ్ళు రామకృష్ణ చేతుల మీద ఉన్నాయి. "ఇజ్జత్ తీసుకున్నది నేను. గా నోటీసు నీకు చూపియ్యక. నువ్వు జర ఇటు రా చంద్రమ్మా. నా పక్కకు రా."

ఆమె కదల్లేదు. మాట్లాడితే తేలికపడుతుందన్నట్టు ఇంకా చెబుతూనే ఉంది. "క్యాషియర్ సారు మంచోడు. పదకొండు వేస్తుంటే ఇయ్యాల పదే కదా సారూ అన్న. జరసేపు నా దిక్కే చూసిండు. తర్వాత ముద్ర వెనక్కి తిప్పిండు. రసీదు తీస్కొని నేను మెట్లు దిగుతుంటే గీ అన్న ఎదురొచ్చిండు. 'బాగున్నారా వదినా' అని నవ్వి, పైకి పోయిండు. నేనే ఆఖరుదాన్ని. నా వెనక ఎవ్వరు లేకుండె."

ఆ టైముకు లక్డీకాపూల్‌లో తిరుగుతున్నానని రామకృష్ణ పొద్దున్నే చెప్పాడు.

రామకృష్ణ చాయ్ చివరి గుక్క తాగి కప్పు నేల మీద పెట్టాడు. పసుపు కాగితాన్ని జాగ్రత్తగా సఫారీ జేబులో దోపుకున్నాడు.

"వదినగారికి జ్ఞాపకం ఎక్కువ," అన్నాడు. లేచి, రాజనర్సయ్యను దాటుకుని నడిచి, వీధి తలుపు మూసి లోపల గడియ పెట్టాడు.